పదమూడో నెల జీతం

నవంబరు చివర్లో ఒక సాయంత్రం మనీలా టీమ్ లీడ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మొదటి రెండు లైన్లు నా ఆరోగ్యం గురించి. మూడో లైన్లో, అప్పుడే గుర్తొచ్చినట్టుగా, ‘‘థర్టీన్త్ మంత్ ఏ తేదీన పడుతుందో చెప్పగలరా మేడమ్? తొందరేమీ లేదు’’ అని ఉంది. ఏడాదికి నెలలు పన్నెండే కదా, ఈ పదమూడోది ఎక్కణ్నుంచి వచ్చింది అనుకున్నాను. బోనస్‌ని వాళ్లు అలా అంటారేమోలే అని సర్దుకుని, ‘‘ఈ ఏడాది బోనస్ గురించి మేనేజ్‌మెంట్ ఇంకా ఏమీ అనుకోలేదు’’ అని జవాబిచ్చి లాప్‌టాప్ మూసేశాను. ‘‘సరే మేడమ్, థాంక్యూ పో’’ అని వచ్చింది.

ఆ ‘పో’ సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి చేరిన మొదటి వారంలో ‘‘యెస్ పో’’ అని రాస్తే ఉలిక్కిపడ్డాను. జీతమిచ్చేవాళ్లను పట్టుకుని పో అంటుందేమిటి! తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో అది మన ‘అండీ’ లాంటిదని. ఎంత మర్యాదగా మాట్లాడాలనుకుంటే అన్ని పో-లు పడతాయి. ఆ రోజు మెసేజ్‌లో ఒక్కటే ఉంది. లెక్కపెట్టే అలవాటు నాకు అప్పటికి లేదు.

మర్నాడు మనీలాలో మా లెక్కలు చూసే అకౌంటెంట్ ఫోన్ చేశాడు. ఆయన నసిగే మనిషి కాదు. ‘‘అది బోనస్ కాదు మేడమ్, చట్టం’’ అన్నాడు. 1975 డిసెంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ హయాంలో వచ్చిన 851వ ప్రెసిడెన్షియల్ డిక్రీ. ఆ ఏడాది ఉద్యోగి సంపాదించిన బేసిక్ జీతం మొత్తంలో పన్నెండో వంతు, డిసెంబరు 24 దాటకుండా చేతికి అందాలి. మధ్యలో చేరినవాళ్లకీ, మధ్యలో మానేసినవాళ్లకీ పనిచేసిన మేరకు లెక్కగట్టి ఇవ్వాల్సిందే. మేనేజ్‌మెంట్ ఏమనుకుంటుందన్న దానితో పనే లేదు. మా బడ్జెట్‌లో దానికోసం ఒక్క పైసా పెట్టలేదు. ఎండీ గారి గదిలోకి వెళ్లి ఆ మాట చెప్పడానికి ముందు రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

అసలు ఈ పని నా మీద ఎలా పడిందంటే, మాది గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ చేసే మధ్యరకం కంపెనీ. జర్మనీలో కస్టమర్లు దొరికారు. అమ్మకాలకు మ్యూనిక్‌లో నలుగురిని, ఆ కస్టమర్ల ఫోన్లు ఎత్తడానికి మనీలాలో పదకొండు మందిని తీసుకోవాలని నిర్ణయించారు. నేను అకౌంట్స్‌లో జీతాల పని చూసేదాన్ని. ‘‘ఎలాగూ ఇక్కడివి చూస్తున్నావు కదమ్మా, అవి కూడా చూసెయ్. కరెన్సీ ఒక్కటేగా తేడా’’ అన్నారు ఎండీ గారు. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి ఆయన్ని అనడానికేం లేదు.

ముందు అందరినీ ఫ్రీలాన్సర్లుగా పెట్టుకుని నెలనెలా ఇన్‌వాయిస్ తీసుకుందామని చూశాం. ఆ ఆలోచన రెండు వారాలు కూడా నిలవలేదు. మనం చెప్పిన టైముకు వచ్చి, మన మేనేజర్ చెప్పిన పని చేసి, ఇంకెవరికీ పనిచేయని మనిషిని కాగితం మీద ఫ్రీలాన్సర్ అన్నంత మాత్రాన అయిపోడనీ, జర్మనీలో అలాంటిది దొరికితే కట్టని సోషల్ ఇన్సూరెన్స్ అంతా వెనక్కి వెళ్లి కట్టిస్తారనీ లాయర్ చెప్పాడు. దాంతో మనీలాలో చిన్న కంపెనీ రిజిస్టర్ చేశాం. మ్యూనిక్‌లో మొదటి ఏడాది ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ దారిలో వెళ్లాం. అంటే కాగితాల మీద యజమాని అక్కడి వేరే సంస్థ, పని మాత్రం మనకు. తలకింత అని ఫీజు. ఖరీదైన దారే. కానీ సొంత జీఎంబీహెచ్, అంటే మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ, పెట్టాలంటే 25,000 యూరోల మూలధనం చూపించాలి. ఉండేది నలుగురు, వాళ్లు కుదురుకుంటారో లేదో తెలియదు. మొదటి ఏడాదికి ఆ ఫీజు దండగ కాదని ఇప్పటికీ అంటాను.

మనీలాలో జీతాలు ఒప్పుకున్నప్పుడు రెండు తప్పులు చేశాం. ఒకటి, నెలకోసారి ఇస్తామన్నాం. అక్కడ నెలకు రెండుసార్లు ఇవ్వాలి, రెండింటి మధ్య 16 రోజులు దాటకూడదు. లేబర్ కోడ్‌లోనే ఉంది. ఇంటద్దెలు, అప్పుల కిస్తీలు అన్నీ 15వ తేదీ, నెలాఖరు లెక్కన నడుస్తాయి. దీన్ని మూడో నెలలోనే దిద్దుకున్నాం. రెండోది, ఆఫర్ లెటర్‌లో జీతం డాలర్లలో రాసి, జీతం రోజున ఏ రేటుంటే ఆ రేటుకు పెసోలు వేశాం. డాలరు పడిన నెలలో పదకొండు మందికీ జీతం తగ్గింది. వాళ్ల అద్దె మాత్రం తగ్గలేదు. తర్వాత పెసోల్లోనే ఖాయం చేసి, రేటు తేడా కంపెనీ భరించేలా మార్చాం. మా ఫైనాన్స్ హెడ్ గారు నెలాఖరులో ఆ తేడా చూసి ఒక్క నిట్టూర్పు విడుస్తారు. విడవనీ. మారకం రేటుతో జూదం ఆడాలంటే కంపెనీ ఆడాలిగానీ ఫోన్లెత్తే పిల్లలతో ఆడించకూడదు.

మ్యూనిక్ తీరు పూర్తిగా వేరు. అక్కడ తీసుకున్న మొదటి మనిషి ఇంటర్వ్యూలోనే, ‘‘ఏడాది గ్రాస్ ఇంత అన్నారు, పన్నెండు భాగాలా పదమూడు భాగాలా?’’ అని అడిగాడు. గ్రాస్ అంటే కోతలు పడకముందు జీతం. మనీలా దెబ్బ తిన్నాక జరిగి ఉంటే నేను వెంటనే ‘‘చట్ట ప్రకారం పదమూడు’’ అనేసేదాన్ని. అది కూడా తప్పే అయ్యేది. జర్మనీలో పదమూడో నెల జీతం చాలాచోట్ల ఇస్తారుగానీ అది ఒప్పందాన్ని బట్టే తప్ప అందరికీ వర్తించే చట్టం కాదు. పేరు అదే. ఒకచోట ఇవ్వకపోతే కేసు, ఇంకోచోట బేరం.

ఒప్పుకున్న గ్రాస్ మీద కంపెనీ వాటా సోషల్ ఇన్సూరెన్స్ దాదాపు ఐదోవంతు అదనంగా పడుతుందని ఎండీ గారికి మొదటి బిల్లు వచ్చాక తెలిసింది. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ పేస్లిప్పులు. ఇద్దరికి ఒకే గ్రాస్, కానీ చేతికి వచ్చేది మాత్రం ఒకరికి బాగా ఎక్కువ. ‘‘ఇతనికి ఎక్కువెందుకు ఇస్తున్నాం?’’ అని నన్ను పిలిచారు. ఇచ్చింది ఒకటేననీ, అక్కడ పన్ను తరగతులు ఆరు ఉంటాయనీ, పెళ్లి అయిందా, భాగస్వామి సంపాదన ఎంత అన్నదాన్ని బట్టి ఏ తరగతో తేలుతుందనీ చెప్పాను. అదే పేస్లిప్పులో కింద ‘కిర్షెన్‌స్టాయర్’ అని ఒక లైను. డిక్షనరీలో చూస్తే చర్చి పన్ను. మా హెచ్‌ఆర్ అమ్మాయి హడలిపోయింది. ‘‘మతం అడిగి జీతంలోంచి కోశామా? ఎవరు అడిగారక్కా, నేను అడగలేదు!’’ మేమెవరం అడగలేదు. ఆ పన్ను వసూలు చేసే చర్చిలో సభ్యులైనవాళ్లకు ఆదాయపు పన్ను మీద మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో 8 శాతం, జర్మనీలో ఎక్కువ చోట్ల 9 శాతం పడుతుంది. ఆ వివరం పన్ను శాఖ నుంచే ఆన్‌లైన్‌లో పేరోల్‌కు వచ్చేస్తుంది. మన పని కోసి కట్టడమే. ఆ అమ్మాయి వారం రోజులు నమ్మలేదు.

ఆ నవంబరు మెసేజ్‌కు ముందు వేసవిలో మ్యూనిక్ సేల్స్ అతను రెండు వారాల సెలవు మీద వెళ్లాడు. తిరిగొచ్చిన రోజే మెయిల్. సెలవులో నాలుగు రోజులు జ్వరం వచ్చింది, డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను, ఆ నాలుగు రోజులూ సెలవు ఖాతాలో వెనక్కి వేయగలరు. మా సేల్స్ మేనేజర్ దాన్ని నాకు పంపుతూ, ‘‘ఇదేమన్నా జోకా?’’ అని రాశారు. నాకూ కాస్త చనువు ఎక్కువైందనే అనిపించింది. లాయర్‌ని అడిగితే 1963 నాటి సెలవు చట్టంలోని తొమ్మిదో సెక్షన్ చూపించాడు. డాక్టర్ సర్టిఫికెట్ ఉన్న జబ్బు రోజులను సెలవులోంచి కోయకూడదు. అతను చనువు తీసుకోలేదు, జోకూ వేయలేదు. అడగాల్సింది అడిగాడు, అంతే. నేను చట్టాన్ని తీసుకెళ్లి ‘వీళ్ల తీరే అంత’ అన్న సొరుగులో పడేశాను. పదమూడో నెల జీతాన్నీ ఆ సొరుగులోనే పడేశాను మరి. పొరపాటు రెండోవైపు నుంచి కూడా జరుగుతుందని తెలియడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

డిసెంబరులో అప్రైజల్స్. ఫారంలో ‘అంకితభావం’ అని ఒక గడి, ఐదు మార్కులకు. సేల్స్ మేనేజర్‌కే మనీలా టీమ్ కూడా అప్పగించారు. ఆయన రాత్రి పొద్దుపోయాక మెసేజ్‌లు పెట్టే రకం. మనీలా టీమ్ లీడ్ అర్ధరాత్రి దాటినా ‘‘యెస్ పో, చూస్తాను’’ అని జవాబిచ్చేది. మ్యూనిక్ మనిషి పొద్దున తొమ్మిదికి ఇచ్చేవాడు. అక్కడ ఒక రోజు పని ముగిసి మర్నాటి పని మొదలయ్యే లోపు 11 గంటల విశ్రాంతి ఉండాలని చట్టమే చెబుతుంది. పైగా ఒక మీటింగ్‌లో ఆయన డిస్కౌంట్ ప్లాన్ వివరిస్తుంటే, అందరి ముందూ ‘‘ఇది మా కస్టమర్ల దగ్గర పనిచేయదు’’ అనేశాడు. మొహంలో కోపం లేదు, మాటలో వెటకారం లేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. మేనేజర్ గారికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మార్కులు ఎలా పడ్డాయో చెప్పక్కర్లేదు. మనీలాకు ఐదు, మ్యూనిక్‌కు రెండు. ఇంక్రిమెంట్ శాతాలు ఆ మార్కుల మీదే. షీట్‌లో ఆ అంకెలు ఎక్కించింది నేనే. ఆ గడికి జీతంతో ముడిపెట్టడం సరికాదని నాకు అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో మనీలా టీమ్ లీడ్ రాజీనామా పంపింది. కంపెనీ మొత్తంలో ఎక్కువ శాతం ఇంక్రిమెంట్ అందుకున్న మనిషి! మెయిల్ నిండా పో-లే. వీడియో కాల్ పెట్టి ఎందుకమ్మా అని అడిగాను. ‘‘జీతం గురించి కాదు మేడమ్’’ అంది. ఇంటి సంగతులు, ప్రయాణం దూరం, అవీ ఇవీ మాట్లాడాం. మళ్లీ ‘‘జీతం గురించి మాత్రం కాదు మేడమ్’’ అంది. మనం అడగని ప్రశ్నకు రెండుసార్లు కాదని జవాబు వస్తే అదే అసలు సంగతి. నేను ఏమీ అనకుండా ఊరుకున్నాను. కాసేపటికి తల వంచుకుని, ‘‘టీమ్‌లో అందరూ నన్నే అడుగుతున్నారు మేడమ్, రాత్రి గంటల డబ్బు ఎప్పుడొస్తుందని. మీరు ఇవ్వకూడదనే అనుకున్నారేమో అని నేను అడగలేదు’’ అంది.

ఫిలిప్పీన్స్‌లో రాత్రి 10 నుంచి పొద్దున 6 మధ్య చేసిన ప్రతి గంటకూ మామూలు జీతం మీద కనీసం 10 శాతం ఎక్కువ ఇవ్వాలి. మా టీమ్ పనిచేసేది జర్మనీ టైముకు. అక్కడ పొద్దున తొమ్మిదంటే మనీలాలో చలికాలంలో సాయంత్రం నాలుగు. షిఫ్టు అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. అంటే రోజుకు మూడు గంటలు రాత్రి లెక్కలోకి వస్తాయి. నేను అకౌంటెంట్‌కు బేసిక్ జీతాల షీటు మాత్రమే పంపేదాన్ని. షిఫ్టు టైములు ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా పదకొండు మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. మ్యూనిక్ అతను మొదటి నెలలో కమీషన్ లెక్కలో తేడా వస్తే అదే రోజు టేబుల్ గీసి మెయిల్ పెట్టాడు, రెండు రోజుల్లో సరిచేశాం. అతని జీతం ఎప్పుడూ సరిగ్గానే పడింది. రెండు మార్కులు కూడా అతనికే పడ్డాయి.

పైవాళ్లను డబ్బు అడగడం వాళ్లకు సిగ్గుతో కూడిన పని. దానికి ‘హియా’ అని ఒక మాటే ఉంది. ఆ మాట నాకు ముందే తెలుసు. సంస్కృతుల మీద పెట్టిన ట్రైనింగ్‌లో చెప్పారు, నోట్సు కూడా రాసుకున్నాను. అది నా పేరోల్ షీటులోని ఖాళీ కాలమ్‌లో దాక్కుని ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనూ ఆ ధీమాతోనే కూర్చున్నాను, ఫిర్యాదు రాలేదు కాబట్టి అంతా బాగుందని.

బకాయి లెక్క వేయడానికి కూర్చుంటే ఇంకో చిక్కు. జర్మనీలో మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి. ఫిలిప్పీన్స్‌లో ఆ పద్ధతి లేదు. కాబట్టి వేసవిలో మా షిఫ్టు మనీలా టైము ప్రకారం మూడింటికి మొదలై పన్నెండుకు అయిపోతుంది. రాత్రి గంటలు రెండే. మ్యూనిక్‌లో గడియారం మారితే మనీలాలో జీతం మారుతుందన్నమాట. హాజరు లాగ్‌లు తీసి ఒక్కొక్కరికీ రోజువారీగా రెండా మూడా అని గుర్తు పెడుతూ మూడు రాత్రులు కూర్చున్నాను. ఎండీ గారు ఈసారి ఏమీ అనలేదు. ‘‘వడ్డీ కూడా వెయ్యమ్మా’’ అన్నారు, అంతే. మానేసిన అమ్మాయికి కూడా ఫైనల్ సెటిల్‌మెంట్‌తో కలిపి నెలలోపే పంపాం. మనిషి మానేసిన 30 రోజుల్లో ఆ లెక్క తేల్చాలని అక్కడి లేబర్ శాఖ నిబంధన. ఆమె ఉండిపోతుందేమోనని అడిగి చూశాను. ‘‘వేరేచోట మాట ఇచ్చేశాను పో’’ అంది.

తర్వాత కాల్‌లో ‘‘ఎవరికైనా ఏమైనా ఇబ్బందా?’’ అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు మనీలాలో జవాబు ఎప్పుడూ ‘‘ఏం లేదు పో’’ అనే. ఇప్పుడు జీతం పడే రెండు రోజుల ముందు పేస్లిప్పు ముసాయిదా వెళ్తుంది. ప్రతి లైను పక్కనా మూడు గడులు: సరే, కాదు, అర్థం కాలేదు. ఏదో ఒకటి నొక్కితేగానీ ముందుకు పోదు. అర్థం కాలేదు అన్న గడి పెట్టాక చూడాలి! మొదటి నెలే ఏడుగురు నొక్కారు. ‘కాదు’ అనడానికి నోరు రానివాళ్లు కూడా ‘అర్థం కాలేదు’ అనడానికి మొహమాటపడరు. అప్రైజల్ ఫారంలో అంకితభావం గడి తీయించడానికి మాత్రం ఏడాది పట్టింది. సేల్స్ మేనేజర్ గారితో ఆ గొడవ వేరే కథ.

మరుసటి ఏడాది టోక్యోలో ఒకాయన్ని తీసుకున్నాం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఆయన ఇంటి నుంచి ఆఫీసుకు రైలు పాస్ ఖర్చు ఎంతో పైసలతో సహా రాసి పంపారు. నేను అప్పటికి జాగ్రత్తపరురాలిని అయిపోయాను కదా, ఏ చట్టంలో ఏ సెక్షన్ అని అక్కడి సలహాదారుని అడిగాను. ఏ సెక్షనూ లేదన్నారు. నెలకు 1,50,000 యెన్‌ల దాకా ఆ భత్యం మీద ఆదాయపు పన్ను పడదు, కానీ ఇచ్చి తీరాలని చట్టమేమీ లేదు. ‘‘అయితే ఇవ్వకపోయినా ఫర్వాలేదా?’’ ‘‘ఫర్వాలేదు. మనిషి దొరకడు, అంతే.’’ వేసవిలో, చలికాలంలో ఇచ్చే బోనస్‌ల సంగతీ అలాగే ఉంది. చట్టంలో లేవు, కానీ జనం ఇళ్ల అప్పుల వాయిదాలు కూడా వాటిని లెక్కలో పెట్టుకునే తీసుకుంటారు. మొత్తం ఇచ్చేశాం.

మ్యూనిక్‌కు కూడా క్రిస్మస్‌కు సగం నెల జీతం ఇద్దామని ఎండీ గారికి ముచ్చటేసింది. అప్పటికి అక్కడ సొంత కంపెనీ పెట్టేశాం. లాయర్ ఆగమన్నాడు. ఏ షరతూ రాయకుండా వరసగా మూడేళ్లు ఇస్తే అది ఉద్యోగి హక్కు అయిపోతుంది, నాలుగో ఏడు మానడానికి వీల్లేదు. దానికి ‘బెట్రీబ్లిషె ఊబుంగ్’ అని పేరు. ఆచారమే చట్టంగా మారే చోటు ఇదన్నమాట. అందుకని ఇది స్వచ్ఛందంగా ఇస్తున్నది, ముందుముందు హక్కుగా అడగడానికి లేదు అని కవరింగ్ లెటర్‌లో రాయమన్నాడు. ఎండీ గారికి నచ్చలేదు. ‘‘చేత్తో పెడుతూ నోటితో కొట్టినట్టు ఉంటుంది కదమ్మా!’’ అన్నారు. భయపడుతూనే పంపాం. మ్యూనిక్ అతను చదివి, థాంక్స్ చెప్పి, రెండో పేరాలో ఒక స్పెల్లింగ్ తప్పుంది చూసుకోమన్నాడు.

ఇప్పుడు జకార్తాలో ఇద్దరిని తీసుకుంటున్నాం. అక్కడ ‘టీహెచ్ఆర్’ అని పండుగ జీతం ఉంది. ఏడాది నిండినవాళ్లకు ఒక నెల జీతం, పండుగకు కనీసం ఏడు రోజుల ముందు ఇవ్వాలి. ఎవరి మతం పండుగ వాళ్లది. రంజాన్ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి బడ్జెట్ షీటులో తేదీ గడి ఏ ఏడాదికాయేడు మార్చాలి. కొత్తవాళ్ల జాయినింగ్ ఫారంలో ‘మీరు జరుపుకునే పండుగ ఏది?’ అని ఒక లైను చేర్చి హెచ్‌ఆర్‌కు పంపాను. పది నిమిషాల్లో ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

‘‘అక్కా, మళ్లీ మతం అడుగుతున్నామా?’’

‘‘ఈసారి మనమే అడగాలి’’ అన్నాను.